ధమనిలో రక్తపోటు కొలత : అంకె సరైనదైతేనే చికిత్స సఫలం

సాధారణ రోగులకు చేతికి పట్టీ చుట్టి రక్తపోటు కొలిస్తే సరిపోతుంది. అయితే తీవ్రమైన ఇన్‌ఫెక్షన్, భారీ గాయాలు, గుండె శస్త్రచికిత్స వంటి కారణాలతో ఇంటెన్సివ్ కేర్ విభాగంలో ఉన్నవారి రక్తపోటు నిమిషాలలోనే మారిపోవచ్చు. పట్టీతో విడతలుగా తీసుకునే కొలతకు ఈ మార్పు సకాలంలో అందకపోవచ్చు. అటువంటప్పుడు ధమనిలోనే సన్నని గొట్టం అమర్చి, ప్రతి గుండె స్పందనకూ పీడనాన్ని నమోదు చేసే విధానాన్ని వైద్యులు అనుసరిస్తారు.

ఈ ఆలోచన పాతదే. ఇంగ్లండుకు చెందిన స్టీఫెన్ హేల్స్ గుర్రం ధమనికి గొట్టం కలిపి, అందులో రక్తం ఎంత ఎత్తుకు లేస్తుందో పరిశీలించి, ఆ వివరాలను 1733లో ప్రచురించారు.

నేడు ఎక్కువగా మణికట్టు వద్ద గల రేడియల్ ధమనిలో గొట్టం అమర్చి, సెలైన్ నిండిన గట్టి ట్యూబు ద్వారా ట్రాన్స్‌డ్యూసర్‌కు కలుపుతారు. ఈ పరికరం పీడనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చగా, మానిటర్ తెరపై అలగానూ, అంకెలుగానూ కనిపిస్తుంది. రక్తం వెనుకకు రాకుండా సెలైన్ సంచిని సుమారు 300 మి.మీ. పాదరస పీడనంలో ఉంచుతారు. పదేపదే సూది గుచ్చకుండా పరీక్షలకు రక్తం తీయడానికి కూడా ఈ గొట్టం ఉపకరిస్తుంది.

తెరపై అంకె కనిపించినంత మాత్రాన అది సరైనదని భావించరాదు. ట్రాన్స్‌డ్యూసర్ గుండె కుడి కర్ణిక ఎత్తులో ఉండాలి. అది 10 సెం.మీ. కిందికి జారితే పీడనం వాస్తవం కంటే దాదాపు 7.5 మి.మీ. ఎక్కువగా, పైకి పోతే అంతే తక్కువగా కనిపిస్తుంది. సెప్టిక్ షాక్‌లో సగటు ధమనీ పీడనం 65 మి.మీ. ఉండాలన్నది తొలి లక్ష్యం. అసలు పీడనం 58 మాత్రమే ఉన్నా తెర 65 చూపితే, పెంచవలసిన మందును పెంచకుండా ఉండిపోయే ప్రమాదం ఉంది. ట్యూబులోని గాలి బుడగ, రక్తపు గడ్డ కూడా కొలతను తారుమారు చేస్తాయి. అందువలన మంచం ఎత్తు మార్చిన ప్రతిసారీ ట్రాన్స్‌డ్యూసర్ స్థానాన్ని సరిచూడవలసి ఉంటుంది.

రక్తస్రావం, ఇన్‌ఫెక్షన్, వేళ్లకు రక్తప్రసరణ తగ్గడం ఈ విధానంలోని ముప్పులు. పొరపాటున ఈ గొట్టంలోకి మందు ఎక్కిస్తే చేతికే హాని కలగవచ్చు. కనుక దానిపై స్పష్టమైన గుర్తు తప్పనిసరి.

షాక్‌తో చేరిన వారికి మొదట పట్టీతోనే రక్తపోటు గమనిస్తూ, అవసరమైనప్పుడే గొట్టం అమర్చినా 28 రోజులలో మరణాలు పెరగలేదని 2025లో ప్రచురితమైన ఫ్రాన్సు పరిశోధన వెల్లడించింది. అంటే ఈ సాధనం అందరికీ కాదు, అవసరమైన వారికే.

మానిటర్ల కొనుగోలుతోనే బాధ్యత తీరదు. ట్రాన్స్‌డ్యూసర్ సెట్ల నిరంతర సరఫరా, ఇరవై నాలుగు గంటలూ శిక్షణ పొందిన నర్సుల పర్యవేక్షణ ఉన్నప్పుడే తెరపై కనిపించే అంకె రోగి ప్రాణానికి రక్షణ కాగలదు.