‘పిచ్చి’ అన్న మాట దగ్గరే కథ ఆగిపోకూడదు

ఎవరైనా కాస్త తేడాగా మాట్లాడితే ‘ఎర్రగడ్డ కేసు’ అనేస్తాం. విశాఖ వైపయితే పెద్ద వాల్తేరు పేరెత్తుతారు. వైద్యం చేసే చోట్ల పేర్లే తిట్లయిపోయిన భాషలో, మనసు చెదిరిన మనిషి గురించి కథ రాయడం తేలికైన పని కాదు. మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 2015–16లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉంది. రుగ్మతను బట్టి వారిలో 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. డాక్టరు గడప తొక్కని ఇన్ని కుటుంబాలకు ఈ జబ్బుల గురించి నాలుగు మాటలు చేరేది కథలు, సీరియళ్లు, సినిమాల ద్వారానే. ఆ మాటలు నిజమైనవి కావాలంటే కథకుడికి వైద్యుల, ఆ జబ్బులతో జీవిస్తున్నవారి తోడు కావాలి. ఆ తోడును అడ్డుకుంటున్న అపోహలు కొన్ని ఉన్నాయి.

అపోహ: కల్పనే కదా, ఎలా రాసినా ఎవరికీ ఏమీ కాదు.

వాస్తవం: గోథే 1774లో రాసిన వెర్టర్ నవలలో ప్రేమ దక్కని యువకుడు ప్రాణం తీసుకుంటాడు. కుర్రాళ్లు అతన్ని అనుకరిస్తారన్న భయంతో లైప్‌జిగ్ నగరం ఆ పుస్తకాన్ని నిషేధించింది. పత్రికలు ఆత్మహత్య వార్తలను మొదటి పేజీలో వేశాక ఆత్మహత్యలు పెరగడాన్ని 1974లో డేవిడ్ ఫిలిప్స్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త లెక్కలతో చూపి, దానికి ‘వెర్టర్ ప్రభావం’ అని పేరు పెట్టాడు. దీనికి రెండో వైపు కూడా ఉంది. మొజార్ట్ సంగీత నాటకం ‘మ్యాజిక్ ఫ్లూట్’లో పాపగేనో అనే పాత్ర ఆత్మహత్యకు సిద్ధపడితే ముగ్గురు పిల్లలు వచ్చి, అతని దగ్గరున్న మాయగంటలను గుర్తు చేసి ఆపుతారు. చావు ఆలోచనను దాటి బయటపడ్డవారి కథనాలు అచ్చయినప్పుడు ఆత్మహత్యలు తగ్గిన జాడ 2010లో ఆస్ట్రియా పరిశోధకులకు కనిపించింది. దాన్ని ‘పాపగేనో ప్రభావం’ అన్నారు. ఇవి వార్తల మీద చేసిన పరిశోధనలు, నవలకెలా వర్తిస్తాయని అడగవచ్చు. సబబైన ప్రశ్నే. ఒక్క కథ వల్లే ఎవరూ చనిపోరన్నదీ నిజమే. కానీ ఇప్పటికే అంచున నిలబడ్డ పాఠకుడు ఒకరుంటారని రచయిత అనుకోవడంలో తప్పేముంది? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సినిమా, నాటక రంగాల వారికి ఇచ్చిన సూచనలు చావును రాయొద్దని అనలేదు. పద్ధతిని వర్ణించవద్దని, బయటపడే దారులున్నాయని చూపమని మాత్రమే కోరాయి.

అపోహ: స్కిజోఫ్రీనియా అంటే ఒకే మనిషిలో ఇద్దరుండటం. అలాంటి పాత్ర ఎప్పుడో ఒకప్పుడు కత్తి పట్టాల్సిందే.

వాస్తవం: బ్లూలర్ అనే స్విస్ వైద్యుడు 1908లో ఈ జబ్బుకు పేరు పెట్టినప్పుడు ‘చీలిన మనసు’ అనే అర్థమున్న గ్రీకు మాటలు తీసుకున్నాడు. గందరగోళం అక్కడే మొదలైంది. 2005లో వచ్చిన ‘అపరిచితుడు’, ‘చంద్రముఖి’ సినిమాల్లో చూసిన బహుళ వ్యక్తిత్వం వేరు, స్కిజోఫ్రీనియా వేరు. స్కిజోఫ్రీనియాలో ఎక్కువగా వినబడేవి ఎవరూ లేనిచోట నుంచి వచ్చే గొంతులు. పక్కింటి టీవీలో వార్తలు చదివే మనిషి తన గురించే చెబుతున్నాడన్న గట్టి నమ్మకం కూడా కలగవచ్చు. ఇక హింస మాటకొస్తే, తీవ్ర మానసిక రుగ్మత ఉన్నవారు దాడి చేయడం కంటే దాడికి గురికావడమే ఎక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. హింసకు దిగేవారు అసలు ఉండరా? ఉంటారు, ముఖ్యంగా మత్తు వ్యసనం తోడైనప్పుడు. ఒకరిని అలా రాయడం తప్పు కాదు. కథలన్నిటిలో వాళ్లే కనబడటం తప్పు.

అపోహ: వైద్య వివరాలు పట్టించుకుంటే కథ పాఠమైపోతుంది.

వాస్తవం: గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’లో సీతారామారావు, రావిశాస్త్రి ‘అల్పజీవి’లో సుబ్బయ్య, నవీన్ ‘అంపశయ్య’లో రవి ఇప్పటికీ గుర్తుండిపోయారంటే, మనసు కదలికను ఆ రచయితలు అంత దగ్గరగా చూశారు కనుకే. ‘అతను దిగులుగా ఉన్నాడు’ అని రాస్తే పాఠకుడికి ఏమీ అందదు. స్నానానికి వేణ్ణీళ్లు తోడుకున్న కొడుకు బకెట్ ముందు పీట మీద కూర్చుని, అవి చల్లారిపోయినా చెంబు ఎత్తలేకపోయాడని, బయట నుంచి తల్లి ‘ఇంకా కాలేదా నాన్నా’ అని మూడోసారి పిలిచిందని రాస్తే కుంగుబాటు అంటే ఏమిటో తెలుస్తుంది. వివరం తప్పయితే జరిగే నష్టమూ తక్కువ కాదు. మెలకువగా ఉన్న రోగికి కరెంటు పెట్టడం, అతను కేకలు వేయడం తెరమీద చాలాసార్లు చూశాం. మత్తు, కండరాలను సడలించే మందు ఇవ్వకుండా ఆ చికిత్స చేయకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం స్పష్టంగా చెబుతోంది. ఆ దృశ్యాన్ని నమ్మిన కుటుంబం ఆసుపత్రికి భయపడి, ‘పెళ్లి చేస్తే కుదురుతాడు’ అన్న సలహా వైపు తిరుగుతుంది.

అపోహ: అనుభవించినవాళ్లే రాయాలి, లేదా రచయిత ఒంటరిగా తంటాలు పడాలి.

వాస్తవం: అనుభవించినవారి మాటకు సాటి లేదు. వాళ్లు రాయడానికి వీలు కల్పించాలి కూడా. కానీ ఇతరులు రాయకూడదంటే సాహిత్యమే మిగలదు. చేయాల్సింది వినడం, రాసింది చూపించడం. చిత్తుప్రతిని ఒక మానసిక వైద్యుడో నర్సో చదవాలి. కథలోని జబ్బుతో జీవిస్తున్న ఒకరు చదివి, తమ శ్రమకు పారితోషికం అందుకోవాలి. కథకు మలుపు కోసం పాత్రను చంపమని సంపాదకుడు తొందరపెట్టకూడదు. నెలల తరబడి బాధలో మునిగి రాసే రచయిత బాగోగులు కూడా ఎవరో ఒకరు కనుక్కోవాలి. ఇదంతా స్వేచ్ఛకు సంకెళ్లు కాదా అంటే, కాదు. చివరి మాట రచయితదే. తెలిసి ఎంచుకున్న మాటకూ తెలియక పడిన మాటకూ తేడా ఉంటుంది, అంతే. కథ చివర మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీమానస్ నంబరు 14416 అచ్చువేయడానికి పత్రికకు పట్టే చోటు ఒక్క పంక్తి. అక్కడ తెలుగులోనే, ఉచితంగా మాట్లాడవచ్చు.

ఆ స్నానాల గది తలుపు బయట ఇంకా తల్లి నిలబడే ఉంది. నాలుగోసారి కేకేయకుండా తలుపు పక్కనే కూర్చుని, ‘ఏమైంది నాన్నా, చెప్పు, వింటాను’ అని ఆమె చేత అనిపించగల రచయితలు మనకు కావాలి. ఆ మాట ఎలా అడగాలో తెలియని ఇల్లు ఏదో ఒకటి, కథ చదివి నేర్చుకుంటుంది.