వియత్నాము యువతి – అక్షరము, యంత్రము



వియత్నాము రాజధానియైన హనోయి నగరమున నేడొక కళాశాలావిద్యార్థిని సాయంకాలమున తన సెల్ ఫోను తీసికొని, సంతలోనికి క్రొత్తగా వచ్చిన యంత్రమును గూర్చియో, తన యూరి నదిలో నీరు తగ్గుటను గూర్చియో, మాతృభాషలో నాలుగు మాటలు వ్రాసి లోకమునకు పంపుచున్నది. ఇందు వింత యేమున్నదని మీ రడుగవచ్చును. మన బెజవాడలోను, ఓరుగల్లులోను పిల్లలు చేయుచున్న పనియు నిదియే కదా. కాని యా బాలిక ముత్తవ్వకు ఈ పని శక్యము కాలేదు. ఆ కాలపు స్త్రీలలో అక్షరజ్ఞానము గలవారు మిక్కిలి యరుదు. అక్షరము వచ్చిన తరువాత దానిని మోయగల యంత్రము లేదు. యంత్రము కుదిరిన పిదప వ్రాయుటకు అనుజ్ఞ యెంతవఱకు అను ప్రశ్న మిగిలినది. ఆ వ్రాత యా పిల్ల చేతికి ఏ దారిని వచ్చినదో చెప్పుటయే నేటి ప్రసంగమునకు విషయము.

వియత్నాము మనకు బొత్తిగా పరాయిదేశము కాదు. దాని నడిమిభాగమున పూర్వము చంపారాజ్యము వర్ధిల్లెను. ఆ రాజులు సంస్కృతమున శాసనములు వేయించిరి. మీసోన్ అను చోట భద్రేశ్వరు డను పేర శివుని నెలకొల్పిరి. అయినను ఉత్తరభాగమున నివసించిన వియత్ జనులకు చదువు వచ్చినది మన వైపునుండి కాదు, చీనానుండి. క్రీస్తునకు పూర్వము 111వ సంవత్సరము మొదలు క్రీస్తుశకము 938 వఱకు వారు మిక్కిలిగా చీనావారి యేలుబడిలో నుండిరి. స్వతంత్రులైన తరువాత సైతము చీనాలిపిని విడువలేదు. రాజోద్యోగముల కొఱకు 1075లో మొదలైన పరీక్షలు 1919 దాక సాగినవి. చీనాలిపియే వానికి ప్రాణము. హనోయిలోని సాహిత్యమందిరమున రాతితాబేళ్ల వీపులపై నిలిపిన శిలాఫలకములు 82 నేటికిని గలవు. పరీక్షలలో నెగ్గిన పండితుల పేర్లు వానిపై చెక్కబడియున్నవి. అందు స్త్రీలెవ్వరును లేరు. పరీక్షాశాలలో వారికి ప్రవేశమే లేదు. ఒకతె పురుషవేషమున కూర్చుండి నెగ్గినదని యొక కథ మాత్రము ఆ దేశమున చెప్పుకొందురు.

చీనాలిపిలో మాటకొక గుర్తు. వియత్నాముభాష వేరు, చీనాభాష వేరు. కావున తమ మాటలను వ్రాసికొనుటకు అక్కడి పండితులు చీనాగుర్తులనే జతపఱచి "నోమ్" అను లిపిని కల్పించుకొనిరి. ఆ కల్పనలో చమత్కార మున్నది. వారి భాషలో మూడు అనుటకు "బా" అందురు. "బా" అని పలుకు నొక చీనాగుర్తును శబ్దము కొఱకు గ్రహించి, మూడు అను నర్థముగల వేఱొక గుర్తును దానికి చేర్చి, రెండింటిని ఒకే యక్షరముగ వ్రాసిరి. సగము చెవికి, సగము బుద్ధికి. బుద్ధిమంతుల పనియే, సందేహము లేదు. కాని యిది చదువవలెనన్న ముందుగా చీనాలిపి రావలెను. పిమ్మట దానికి రెట్టింపు శ్రమ పడవలెను. పొలము దున్నువాని కంత తీరిక యెక్కడిది?

అయినను ఆ భాషలోని మేలైన కావ్యములు నోమ్ లిపిలోనే పుట్టినవి. ఙుయెన్ జూ అను మహాకవి 3,254 పాదములలో కియే యను దుఃఖభాగిని చరిత్రమును వ్రాసెను. హో స్వాన్ హ్యూంగ్ అను కవయిత్రి చిన్న చిన్న పద్యములలో సవతిపోరును, కపటసన్న్యాసులను ఎండగట్టెను. శ్లేషయం దామె మన ప్రబంధకవులకు తీసిపోదు. పనసపండును గూర్చి చెప్పినట్లే యుండును. రెండవ యర్థము రేడియోలో చెప్పదగినది కాదు. ఈ కవిపేరులోని "ఙ" వర్ణమును మీరు గమనించితిరా? మన వర్ణమాలలో నుండియు మన మాటల మొదట నెన్నడును కనబడని యా యక్షరము, అక్కడ కోట్లకొలది జనుల యింటిపేరునకు ముందు నిలుచుచున్నది. బడిలో పిల్లలచేత దానిని ఊరక దిద్దించినవాడను గనుక నాకిది సంతోషము గూర్చినది.

ఇక నేటి లిపి మాట. పదునేడవ శతాబ్దమున ఆ దేశమునకు వచ్చిన పోర్చుగీసు మొదలగు క్రైస్తవ మతబోధకులు, ప్రజలభాషను తమ రోమను అక్షరములలో వ్రాసికొనిరి. వారిలో అలెగ్జాండర్ ద రోడ్ అను నాయన 1651లో రోము నగరమున వియత్నాము, పోర్చుగీసు, లాటిను భాషల నిఘంటువును అచ్చొత్తించెను. ఆ భాషకు రోమను అక్షరములు చాలవు. ఒకే శబ్దమును ఆఱు స్వరములలో పలుకుదురు. స్వరము మాఱిన అర్థము మాఱును. "మా" అని సమముగా పలికిన దయ్యము. స్వరము పైకెత్తిన, దక్షిణదేశమున, తల్లి. క్రిందికి దింపిన "కాని" యను నవ్యయము. వంచి లేపిన సమాధి. విఱిచి లేపిన గుఱ్ఱము. గొంతులో నొక్కి విడిచిన వరినారు. వేదస్వరములు నేర్చినవారికి ఉదాత్తానుదాత్తములు తెలియును. అక్కడ పాలమ్మునది సైతము ఆఱు స్వరములు తప్పక పలుకవలెను. ఈ భేదములు తెలుపుటకు అక్షరము తలపైనను క్రిందను చిన్న చిన్న గుర్తులు పెట్టిరి. దానినే తరువాత "క్వోక్ ఙూ", అనగా దేశభాష, అని పిలిచిరి.

రెండువందల యేండ్లు ఆ లిపి చర్చిగోడలు దాటి పెద్దగా రాలేదు. ఫ్రెంచివారు దేశమును ఆక్రమించిన పిమ్మట, తమ పాలనకు అనుకూలమని దానిని పైకి తెచ్చిరి. 1865లో సైగాను నగరమున ఆ లిపిలో మొదటి వార్తాపత్రిక వెలువడినది. పరరాజుల పనిముట్టని పండితులు మొదట దానిని ఏవగించుకొనిరి. కొన్ని దశాబ్దములకు దేశభక్తులే దానిని చేతబట్టిరి. నోమ్ లిపికి ఏండ్లు పట్టగా, దీనికి కొలది నెలలు చాలును.

1918 ఫిబ్రవరిలో సైగానున "నూ జోయి చుంగ్" అను పత్రిక పుట్టెను. స్త్రీలోకపు గంట యని యర్థము. ఆ దేశమున స్త్రీల పత్రికలలో నదియే మొదటిది. దాని సంపాదకురాలు స్యూంగ్ ఙుయెట్ ఆన్, 1864లో పుట్టినది. ఙుయెన్ దిన్ చియె వను అంధకవి కూతురు. తండ్రి యొద్దనే చీనా, నోమ్ విద్యలు నేర్చినది. భర్త పోయిన తరువాత విధవ యను నర్థముగల "స్యూంగ్" అను మాటను తన కలముపేరునకు తానే తగిలించుకొనెను. మనవారు దాచుకొను మాటను ఆమె ముఖపత్రముపై అచ్చువేయించినది. ఈ ధైర్యము సామాన్యమైనది కాదు. పత్రిక ఆ జూలైతో ఆగిపోయెను. ఆమె చివరి దినములలో తండ్రివలెనే చూపు గోల్పోయి 1921లో మరణించెను. 1929లో అదే నగరమున "ఫూ నూ తాన్ వాన్" అను స్త్రీల వారపత్రిక లేచి 1935 దాక నడచినది.

పత్రికలు పట్టణములకు. పల్లెలమాట? 1945 సెప్టెంబరు 2వ తేది స్వాతంత్ర్యము ప్రకటింపబడెను. ఆఱు దినములకే, సెప్టెంబరు 8న, ప్రతివాడును ఒక్క యేడాదిలో చదువ నేర్వవలెనని శాసించి, "బిన్ జాన్ హోక్ వూ" అను సామాన్యజనుల విద్యోద్యమమును ఆరంభించిరి. టోపీ పెట్టిన ఓకారము, గడ్డముగల ఓకారము అని గుర్తులు చెప్పి నేర్పిరి. సంత వాకిట రెండు దారులు పెట్టిరి: పలకమీది మాట చదివినవారు పెద్దగుమ్మమునుండి పోవచ్చును; చదువలేనివారు "గ్రుడ్డివారి గుమ్మము" దూరి పోవలెను. ఈ పద్ధతి నాకు నచ్చలేదు. కూరలగంప నెత్తిన పెట్టుకొని వచ్చిన ముసలమ్మను నలుగురిలో సిగ్గుపఱచి నేర్పిన యక్షరము ఆమెకు చేదుగానే యుండును. కాని అనేకులు ఆ సిగ్గుతోనే నేర్చుకొని, మఱుసటి సంతకు పెద్దగుమ్మమున వచ్చిరని కూడ చెప్పవలెను.

ఈ లాభమునకు వెల లేకపోలేదు. నేటి వియత్నాము యువతి తన ముత్తాత చేవ్రాతను చదువలేదు. గుడి ద్వారముపై నున్న పలక ఆమెకు బొమ్మ. కియే కథను కవి వ్రాసిన లిపిలో చదువగలవారు ఆ దేశమున బహుకొద్దిమంది పండితులు. మన లిపి చాల మాఱినను నన్నయనాటి శాసనమునకును నేటి పుస్తకమునకును వంశసంబంధము తెగలేదు, అక్కడ తెగినది. ఆ లిపిమార్పు లేకున్న ఆ పిల్ల చేతిలో కలమే యుండదను మాటయు నిజము. రెండును నిజమే యైనపుడు నాబోటివాడు ఒకదానిని మాత్రమే పట్టుకొని మురియుటయు, ఏడ్చుటయు తగదు.

ఇప్పుడు యంత్రమునకు వత్తము. తంతివార్తల కాలమున తలమీది గుర్తులు తీగెపై పోవు. స్వరము తెలియక "తల్లి" "సమాధి" యైన నేమి గతి? అందుచేత నొక యుపాయము పన్నిరి. మాట చివర ఎస్ వేసిన ఎత్తుస్వరము, ఎఫ్ వేసిన దింపుస్వరము. ఆర్, ఎక్స్, జే యనునవి తక్కినవానికి. టోపీ కావలసిన అచ్చును రెండుమాఱులు వేయవలెను. ఇందలి నేర్పు చూడుడు: ఎఫ్, జే యను నక్షరములు వారి వర్ణమాలలో లేనే లేవు, ఎస్, ఆర్, ఎక్స్ మాటల మొదట వచ్చునే గాని చివర రావు. కావున పొరపాటున కెడము లేదు. నేటికిని వియత్నాము పిల్లలు ఫోనుపై మాటలు కొట్టునది ఎక్కువగా నీ పద్ధతినే. దాని పేరు సైతము "టెలెక్స్" అనియే నిలిచినది. తమ దేశము పేరులోని మొదటిమాటను వ్రాయవలసినపుడు వీ, ఐ, ఈ, మఱియొక ఈ, టీ, చివర జే కొట్టుదురు; యంత్రము తానే టోపీని, చుక్కను అమర్చును.

కంప్యూటరు వచ్చినపుడు వేఱొక చిక్కు. తొలినాటి యంత్రములలో అక్షరములకు 256 స్థానములు. మొదటి 128 ఇంగ్లీషు మొదలగువానికే చెల్లినవి. మిగిలినవి 128. వియత్నాము లిపికి అచ్చులు పండ్రెండు. ఒక్కొక్కటి ఆఱు స్వరములతో డెబ్బదిరెండు రూపములు. వానిలో గుర్తులు లేని ఆఱును ఇంగ్లీషులోనే యున్నవి గనుక మిగిలినవి అఱువదియాఱు. అడ్డగీతగల "ద" యొకటి చేర్పగా అఱువదియేడు. పెద్ద యక్షరములు, చిన్న యక్షరములు కలిపి 134. పీటలు 128, అతిథులు 134! పంక్తిలో ఆఱుగురికి చోటు లేకపోయెను. ఒకరు యంత్రము తన సొంత యాజ్ఞలకు ఉంచుకొన్న స్థానములలో ఆ యాఱింటిని జొప్పించిరి. మఱియొకరు పెద్ద యక్షరములను వేఱు ఫాంటులోనికి నెట్టిరి. ఇంకొకరు అచ్చును, స్వరమును విడదీసిరి. ఎవరి పద్ధతి వారిదే. ఒకరు వ్రాసి పంపినది రెండవవారి యంత్రమున తెఱచిన పిచ్చిగీతలుగా కనబడెడిది. మన తెలుగు అచ్చుకూటములలో ఒక ఫాంటున కూర్చినది మఱియొకచోట చదువరాక మనవారు పడిన బాధ యిదియే.

1997 నవంబరులో ఇంటర్నెట్టు ఆ దేశమున ప్రవేశించెను. ప్రపంచలిపులన్నింటికి ప్రత్యేకస్థానము లొసగు యూనికోడును 2001లో జాతీయప్రమాణముగ స్వీకరించిరి. ఫామ్ కిమ్ లోంగ్ అను నాయన "యూనికీ" అను టైపుసాధనమును వ్రాసి ఉచితముగా నిచ్చెను. అంతటితో పంక్తిలో నందఱికి పీటలు దొరకినవి. ఇంకొక వింత యేమనగా, మొదట టోపీ పెట్టిన ఓకారమునకే చోటీయలేని యంత్రము, 2000లో హో స్వాన్ హ్యూంగ్ పద్యములను నోమ్ లిపిలోనే కూర్చి అచ్చు వేయుటకు తోడ్పడినది. అమెరికాలో వెలువడిన యా గ్రంథమున కవయిత్రి లిపి మరల కనబడెను.

ఆ ఫోనును చేయు చేతులను గూర్చియు చెప్పవలెను. కొరియా దేశపు శాంసంగ్ సంస్థ 2009లో హనోయి చేరువ నున్న బాక్ నిన్ లోను, 2014లో థాయ్ ఙుయెన్ లోను ఫోనుల కర్మాగారములు నడుప నారంభించెను. వానిలో పనిచేయువారిలో పెక్కుమంది పల్లెలనుండి వచ్చిన పడుచులు. కనుక యంత్రమును గూర్చి వియత్నాము యువతి వ్రాయునపుడు దూరమున నిలిచి చూచి వ్రాయుట కాదు. ఆమె యక్కయో, ఈడుదియో దానిని బిగించియుండును.

కాని యంత్రమును గూర్చి వ్రాయుట వేఱు. దానివలన దేశమునకు కలుగు కీడును గూర్చి వ్రాయుట వేఱు. 2016 ఏప్రిలులో నడిమితీరమున చేపలు గుట్టలుగా చచ్చి ఒడ్డునకు కొట్టుకొనివచ్చినవి. తైవాను వారి యుక్కుకర్మాగారపు విషజలము కారణమని తేలి, ఆ సంస్థ తప్పొప్పుకొని 50 కోట్ల డాలర్ల పరిహార మొసగుట కంగీకరించెను. దానిని గూర్చి వ్రాసినవారిలో ఫామ్ దోవాన్ త్రాంగ్ అను పాత్రికేయురాలు ఒకతె. 2018లో జాతీయసభ ఇంటర్నెట్టు భద్రతాచట్టమును చేసెను. ప్రభుత్వము కోరిన వ్రాతను 24 గంటలలో తొలగింపవలెనని అది కంపెనీలకు విధించినది. 2020 అక్టోబరులో త్రాంగును నిర్బంధించిరి. రాజ్యమునకు విరుద్ధముగ ప్రచారము చేసినదని నేరము మోపి, 2021 డిసెంబరు 14న హనోయి న్యాయస్థానము ఆమెకు తొమ్మిదియేండ్ల శిక్ష విధించెను. 2022 ఆగస్టులో అప్పీలును త్రోసివేసిరి. అంతకుముందు 2017లో ఆమె రాజనీతిని మొదటినుండి తేలికమాటలలో బోధించు గ్రంథ మొకటి ప్రకటించియుండెను. దాని పేరు "సామాన్యుల రాజనీతి". 1945లో సంతలలో అక్షరము నేర్పిన యుద్యమము పేరున నున్న "బిన్ జాన్" అను మాటయే యీ గ్రంథము పేరునను గలదు.