కంప్యూటరు గది తాళంచెవి

మన పత్రికలో పెళ్ళి కబుర్లు, పండుగ విశేషాలు, పిల్లల పరీక్షా ఫలితాలు చదవడానికి అలవాటుపడిన సోదర సోదరీమణులకు, కంప్యూటరు తీగలను గురించి వ్రాయబూనడం కొంత విడ్డూరంగా తోచవచ్చు. అయినా బరంపురంలోని ఒక తెలుగు పాఠశాల కార్యాలయంలో గుమాస్తాగిరీ చేసుకొంటున్న మేము ఈ వేసవిలో పడిన పాట్లు ఇతర ఊళ్ళలోని మన వారికి ఉపయోగపడకపోవునా అన్న ఆశతో ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము. మేము ఇంజనీరులము కాము. మెట్రిక్ చదివి కలం పట్టినవారము. కాబట్టి మాకు అర్థమైన మేరకే చెప్పగలము.

ముందుగా మా తప్పు ఒప్పుకోవాలి. 2008లో మా బడికి అయిదు కంప్యూటర్లు వచ్చినవి. స్టాకు రిజిష్టరులో ఎక్కించి, గదికి తాళం వేసి, తాళంచెవి మేమే మొలకు కట్టుకొన్నాము. యంత్రం చెడిపోతే ఆడిటులో ఎవరిని అడుగుతారు? రిజిష్టరు వ్రాసినవాడినే గదా! జీతంలో కోత పడుతుందన్న భయం మమ్మల్ని పట్టుకొన్నది. ఇనస్పెక్షనుకు అధికారులు వచ్చిననాడు మాత్రం గుడ్డలు తీసి, దుమ్ము తుడిచి, దీపం వెలిగించినట్లు ఆ తెరలు వెలిగించేవారము. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె కిటికీ దగ్గర నిలబడి, “బాబుగారూ, ఒక్కసారి ముట్టుకోనా?” అని అడిగింది. “పెద్ద తరగతికి వెళ్ళాక చూద్దాంలే అమ్మా” అన్నాము. ఆ పెద్ద తరగతి ఆమెకు మా బడిలో రానే లేదు.

2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపురం వద్ద తీరం దాటినప్పుడు మా గది పైకప్పు కారింది. ఊరంతా చీకటి, ఎవరి ఇల్లు వారు చూసుకొనే రోజులు. వారం తరువాత తాళం తీసి చూస్తే అయిదు పెట్టెలూ నీళ్ళు త్రాగి కూర్చున్నవి. అవి వాడి చెడిపోయినవి కావు, వాడక చెడిపోయినవి. రిజిష్టరులో మాత్రం “తుఫానులో నష్టము” అని వ్రాసి చేతులు దులుపుకొన్నాము.

దేశంలో బడి కంప్యూటర్ల కథ మరీ కొత్తది కాదు. 1984లోనే ‘క్లాస్’ అన్న పథకం క్రింద బి.బి.సి. మైక్రో యంత్రాలు బడులకు వచ్చినవి. 2004 డిసెంబరులో కేంద్రం ఐ.సి.టి. పథకం ప్రారంభించింది. పథకాలు వచ్చినంత మాత్రాన తాళాలు వాటంతట అవి ఊడిరావు.

క్రిందటేడు మా పూర్వ విద్యార్థులు కొందరు కలిసి కొత్త కంప్యూటర్లకు డబ్బు పోగుచేశారు. అదే రోజుల్లో పిల్లవాణ్ణి ఒకటో తరగతిలో చేర్చడానికి ఒక తల్లి వచ్చింది. ఫారం నింపుతూ, “ఆ గది ఇప్పుడైనా తీస్తున్నారా, బాబుగారూ?” అని నవ్వుతూ అడిగింది. కిటికీ దగ్గరి పిల్ల! ఆమె నవ్వింది గాని మాకు నవ్వు రాలేదు. ఆ రాత్రి నిద్రా పట్టలేదు.

వర్తకుడు ఇచ్చిన అంచనాలో పదిహేను యంత్రాలు, పదిహేను బల్లలు తప్ప మరేమీ లేవు. హెడ్మాస్టరు గారు, మేము కలిసి ఆలోచించి పన్నెండు చాలునన్నాము. మిగిలిన డబ్బు నేలలోకి, గోడలోకి, బ్యాటరీలలోకి పోవాలన్నాము. “ఫోటోలో పదిహేను కనిపిస్తే నిండుగా ఉంటుంది గదా” అని ఒక సభ్యులు గొణిగారు. పాత యంత్రాలు చవకగా దొరుకుతాయని మరొకరు అన్నారు. అయితే వాటిలో చాలావరకు విండోస్ 10తో నడిచేవి. దానికి కంపెనీవారి ఉచిత మరమ్మతులు 2025 అక్టోబరు 14తో ఆగిపోయినవి. పాత ఇల్లు కొని కప్పు నేయించుకొన్నట్లవుతుందని ఆ మాట అక్కడితో విడిచాము.

మొదటి ఖర్చు ఎర్తింగు. పాత గదిలో మూడు రంధ్రాల ప్లగ్గులున్నవి గాని, పైన ఉన్న పెద్ద రంధ్రం వెనుక తీగే లేదు. అటువంటి చోట కంప్యూటరు ఇనుపపెట్టె ముట్టుకొంటే చేతికి జిల్లుమంటుంది. పిల్లలు “షాకు కొడుతోంది” అంటే మనం “చెప్పులు వేసుకోండి” అంటాము! ఒడియా మిస్త్రీ ఒకాయన వచ్చి, బడి వెనుక గొయ్యి తీసి, ఇనుప గొట్టం దింపి, చుట్టూ బొగ్గు, ఉప్పు వరుసలుగా నింపాడు. వేసవిలో నేల ఎండినప్పుడు అందులో నీళ్ళు పోస్తూ ఉండాలట; తడినేలలోనే విద్యుత్తు సులువుగా దిగిపోతుంది. ఇప్పుడు తులసికోటతోబాటు దానికీ నీళ్ళు పోయిస్తున్నాము. యు.పి.ఎస్. బ్యాటరీలకు కూడా నెలకొకసారి శుద్ధజలం చూసుకోవాలి. కుళాయి నీళ్ళు పనికిరావు. కరెంటు పోయిన తరువాత యంత్రాలను పద్ధతి ప్రకారం ఆర్పుకొనే వ్యవధి దానివల్ల దొరుకుతుంది.

ఇక తీగల సంగతి. యంత్రాలన్నిటినీ కలిపే పద్ధతికి ఈథర్నెట్ అని పేరు. 1973లో అమెరికాలో రాబర్ట్ మెట్‌కాఫ్ అనే ఆయన దీనికి రూపకల్పన చేశారు. నడుమ స్విచ్చి అనే పెట్టె ఒకటి ఉంటుంది. గోడమీది దీపం స్విచ్చి వంటిది కాదు. ప్రతి యంత్రం నుంచి ఒక తీగ దానికి వస్తుంది. ఒక్కొక్క తీగ 100 మీటర్లకు మించరాదు. లోపల సన్నని తీగలు ఎనిమిది, రెండేసి చొప్పున నాలుగు జతలుగా మెలివేసి ఉంటవి. ఆ మెలికలోనే ఉన్నది కిటుకు. జతలోని రెండు తీగల మీద సంకేతం ఎదురెదురుగా సాగుతుంది. బయటి అలజడి రెండింటి మీదా సమానంగా పడి, చివర ఒకదానికొకటి చెల్లిపోతుంది.

ఇది తెలియక మేము రెండు రోజులు తల బద్దలు కొట్టుకొన్నాము. తీగల కొసలకు ప్లగ్గులు బిగించిన కుర్రవాడు రంగులను చూడముచ్చటగా వరుసలో పెట్టాడు: నారింజ జత, ఆకుపచ్చ జత, నీలం జత, గోధుమ జత. పరీక్షపెట్టెలో ఎనిమిది దీపాలూ వరుసగా వెలిగినవి. అయినా దగ్గరి యంత్రాలు పనిచేసినవి గాని, దూరపు మూలలోనివి మాటిమాటికీ తెగిపోయినవి. చివరకు తెలిసిందేమంటే, ఆకుపచ్చ జత పక్కపక్కన కాక మూడో చోట, ఆరో చోట కూర్చోవాలి. వాటి నడుమ నీలం జత ఉండాలి. జత విడిపోతే దీపాలు వెలుగుతవి గాని పని సాగదు. కొసలన్నీ కత్తిరించి తిరిగి బిగించేసరికి గది హాయిగా ఊపిరి పీల్చుకొన్నది. విద్యుత్తు తీగలనూ, ఈ తీగలనూ ఒకే గొట్టంలో పోనీయరాదన్న సంగతి కూడా అప్పుడే నేర్చుకొన్నాము.

తరువాత వచ్చిన చిక్కు నంబర్లది. ప్రతి యంత్రానికీ 192.168.1.21 వంటి చిరునామా ఒకటి ఉంటుంది. అచ్చుయంత్రానికీ, ఏడో కంప్యూటరుకూ పొరపాటున ఒకే చిరునామా పడింది. రెండిళ్ళకు ఒకే డోరు నంబరుంటే పోస్టుమాను గతి ఏమిటి? ఇక్కడ మాత్రం మా గుమాస్తాగిరీ అక్కరకు వచ్చింది. ఏ యంత్రానికి ఏ చిరునామా, ఏ తీగ స్విచ్చిలో ఏ రంధ్రానికి పోతున్నదీ ఒక పుస్తకంలో వ్రాసి, తీగలకు రెండు కొసలా చీటీలు అంటించాము. ఆనాడు తాళం వేయించిన రిజిష్టరు బుద్ధే ఈనాడు గది నడిపిస్తున్నది.

చాలామంది ఈ అల్లికనూ, ఇంటర్నెట్‌నూ ఒకటే అనుకొంటారు. కాదు. బయటి లైను తెగినా గదిలోని పన్నెండు యంత్రాలూ తమలో తాము మాట్లాడుకోగలవు. అందుచేత ఒక యంత్రాన్ని సర్వరుగా పెట్టి, 2003లో మొదలైన తెలుగు వికీపీడియాను కివిక్స్ అన్న ఉచిత సాధనంతో అందులో నిలువచేశాము. గాలివాన వచ్చి లైను పోయిననాడు కూడా పిల్లలు చదువుకొంటూనే ఉన్నారు.

మన వంటి వారికి అన్నిటికన్నా ముఖ్యమైనది అక్షరాల సంగతి. మా జిల్లా 1936 ఏప్రిల్ 1న మద్రాసు రాజధాని నుండి ఒడిషాలో చేరింది. నాటినుంచి ఇంట తెలుగు, వీధిలో ఒడియా మాకు రెండు కళ్ళు. 1986లో ప్రభుత్వం వారు స్థిరపరచిన ఇన్‌స్క్రిప్ట్ మీటల వరుసలో అచ్చులు ఎడమచేతికి, హల్లులు కుడిచేతికి వస్తవి. ఇంగ్లీషు ‘కె’ ఉన్న మీటయే తెలుగులో ‘క’. ఒడియాలోనూ అదే ‘క’. ఒక భాషలో చేయి తిరిగితే రెండవది దాదాపు ఉచితమే! ‘తెలుగు’ అని కొట్టడానికి ఆరు మీటలు చాలును. మొదటి రోజున పిల్లలు తమ పేర్లు రెండు లిపులలోనూ కొట్టి అచ్చు వేయించుకొని, ఇళ్ళకు పట్టుకొనిపోయారు. తెలుగు మాట్లాడడమే గాని చదవడం రాని ఒక తండ్రి ఆ కాగితం తెచ్చి, “ఇందులో మావాడి పేరు ఏది, బాబుగారూ?” అని అడిగి తెలుసుకొని, మడిచి జేబులో పెట్టుకొన్నారు.

ఇంతకూ అసలు మరమ్మతు తీగలకు కాదు, భయానికి జరిగింది. యంత్రాలు రాకముందే కమిటీవారిచేత ఒక తీర్మానం చేయించాము: పిల్లలు వాడుకొనేటప్పుడు కలిగిన నష్టం అరుగుదల క్రింద వ్రాయవలెను, ఏ ఉద్యోగి జీతం నుంచీ రాబట్టరాదు. ఆ ఒక్క కాగితం మీద సంతకాలు పడిన తరువాతనే మా మొలనున్న తాళంచెవి ఉపాధ్యాయుల గదిలోని మేకుకు చేరింది. ఈ రెండు నెలలలో ఒక మౌసు, రెండు మీటలు విరిగినవి. సంతోషంగా రిజిష్టరులో వ్రాసుకొన్నాము.

పాఠక సోదరులారా! షోలాపురంలో కానీ, హోసూరులో కానీ, బళ్ళారిలో కానీ, యానాంలో కానీ మీరు బడికి యంత్రాలు దానం చేయదలిస్తే ఒకటి తగ్గించి ఇవ్వండి. ఆ డబ్బుతో గొయ్యి తీయించండి. ఇదివరకే ఇచ్చి ఉంటే ఒకసారి బడికి వెళ్ళి, ఆ గది తాళంచెవి ఎవరి దగ్గర ఉన్నదో విచారించండి. గుమాస్తా మొలనుంటే ఆయనను కోపగించకండి. ఆయన భయమేమిటో అడిగి, దానికి ముందు ఒక కాగితం వ్రాయించండి.