బీరువాలో కిడ్నీ జాతకం!

హెల్త్ చెకప్ రిపోర్టు రాగానే మనం వెతికేది నక్షత్రం గుర్తు పడిన అంకెల కోసం. అలాంటివేం లేవా, హమ్మయ్య అనుకుని కాగితాన్ని బీరువాలో పడేస్తాం. కానీ కిడ్నీల భవిష్యత్తు తెలియాలంటే ఆ పాత కాగితాలన్నీ బయటికి తీయాల్సిందే.

ఉదాహరణకు ఒకాయనకు 45వ ఏట క్రియాటినిన్ 0.8 ఉందనుకోండి. కిడ్నీల వడపోత సామర్థ్యాన్ని చెప్పే ఇజీఎఫ్ఆర్ సుమారు 111 అన్నమాట. 50వ ఏట క్రియాటినిన్ 1.2కి చేరింది. ఇజీఎఫ్ఆర్ 74కి దిగింది. చాలా ల్యాబుల లెక్కలో రెండూ నార్మలే! మూడో వంతు సామర్థ్యం పోయినా రిపోర్టులో ఏ గుర్తూ పడలేదు. నడివయసు దాటాక ఏడాదికి ఒక పాయింటు తగ్గడం మామూలే. ఏటా అయిదుకు మించి పడిపోతుంటే మాత్రం డాక్టరుకు చూపించాలి. ఒక్కసారి పెరిగిందని కంగారొద్దు... ముందురోజు మటన్ బాగా లాగించినా, నీళ్లు సరిగా తాగకపోయినా ఆ అంకె పెరగొచ్చు.

ఇజీఎఫ్ఆర్ 60 కన్నా తగ్గినవారి కోసం కెనడా వైద్యుడు నవదీప్ తంగ్రి బృందం 2011లో ఓ సూత్రం తయారుచేసింది. వయసు, ఆడా మగా, ఇజీఎఫ్ఆర్, మూత్రంలో అల్బుమిన్... ఈ నాలుగూ చెబితే చాలు. రెండేళ్లలో, అయిదేళ్లలో డయాలసిస్ దాకా వెళ్లే అవకాశం ఎంత శాతమో లెక్కగడుతుంది. 2016లో ముప్ఫైకి పైగా దేశాల్లో ఏడు లక్షల మంది వివరాలతో దాన్ని సరిచూశారు కూడా. కాబట్టి ఈసారి మీ ప్యాకేజీలో అల్బుమిన్ పరీక్ష ఉందో లేదో అడగండి.

అలాగని మూత్రపరీక్ష ఒక్కటే సరిపోదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో చాలామంది రోగుల మూత్రంలో ప్రొటీన్ పెద్దగా కనిపించదు. అక్కడ జబ్బును పట్టిచ్చేది క్రియాటినినే.