కూలి లెక్కకు ఊరి తనిఖీ

ప్రభుత్వోద్యోగి తన పనికి ఎవరికి సమాధానం చెప్పాలన్న ప్రశ్నకు పాలనా వ్యవస్థ చాలాకాలం పై అధికారిని, ఆ పైన చట్టసభను చూపించిందే తప్ప, ఆ పని ఎవరి కోసం జరిగిందో ఆ పౌరుణ్ణి లెక్కలోకి తీసుకోలేదు. మామూలు ఆడిట్ ప్రధానంగా కాగితాలను పరిశీలిస్తుంది కనుక, మస్టర్ రోల్‌లో, అంటే కూలీల హాజరుపట్టీలో, చనిపోయిన మనిషి పేరిట వేలిముద్ర పడినా పత్రాలు సక్రమంగా ఉన్నంతవరకు ఆ మోసం బయటపడకపోవచ్చు. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1994లో మొదలుపెట్టిన జన్ సున్వాయీలలో, అంటే బహిరంగ విచారణలలో, ఈ పట్టీలనే ఊరివాళ్ల ముందు చదివించింది.

2005 నాటి ఉపాధి హామీ చట్టం తన 17వ సెక్షన్‌లో ఈ పద్ధతికి సామాజిక తనిఖీ పేరుతో చట్టబద్ధత కల్పించి, ఆ బాధ్యతను గ్రామసభకు అప్పగించింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో పథకం ప్రారంభమైన ఏడాదే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో తనిఖీలు మొదలయ్యాయి. 2009లో వాటికోసం ప్రత్యేక సొసైటీ ఏర్పడింది. కూలి కుటుంబాల యువతీయువకులే శిక్షణ పొంది, రికార్డులు చేతబట్టుకొని ఇంటింటికీ తిరిగి, ఎన్ని రోజులు పనికి వెళ్లారు, చేతికి ఎంత కూలి వచ్చింది అని అడిగి, తవ్విన కాలువను టేపుతో కొలిచి, ఆ కొలతను కొలతల పుస్తకంలోని అంకెలతో సరిచూశారు. తేలిన విషయాలను గ్రామసభలో చదివి, ఆపై మండల ప్రజావేదికలో అధికారుల ముందుంచారు. రోజుకూలికి వెళ్లే మహిళ మైకు అందుకొని తన హాజరు గురించి అధికారిని నిలదీయగలగడం మన పాలనా చరిత్రలో నిజంగా పెద్ద మార్పు.

అయితే తప్పును కనిపెట్టే పని ఊరి చేతికి వచ్చినా, శిక్షించే అధికారం చాలావరకు శాఖల వద్దనే ఉండిపోయింది. స్వాహా అయినట్లు తేలిన సొమ్ములో తిరిగి వసూలైనది తక్కువే. తనిఖీ చేసినవాళ్లు మళ్లీ అదే ఊరికి వెళ్లినప్పుడు, పోయినసారి చెప్పినదానికి ఏం చేశారని కూలీలు అడిగితే వాళ్ల దగ్గర జవాబు ఉండాలి. అందుకే తనిఖీలో తేలిన ప్రతి లోపంపై ఏ చర్య తీసుకున్నారో, తీసుకోకపోతే కారణమేమిటో, జిల్లా యంత్రాంగం గడువులోగా అదే గ్రామసభకు రాతపూర్వకంగా తెలియజేసేలా ప్రభుత్వాలు నిబంధన విధించాలి.