ఆగని సర్వరుకు నకలు: రెండు విడతల విధానం

ఆసుపత్రి నమోదులు, పరీక్షా ఫలితాల వంటి సేవలు నడిచే లినక్స్ సర్వరును గంటల తరబడి ఆపకుండానే, దూరాన ఉన్న మరో యంత్రంలోకి నకలు తీయవచ్చు. 1996లో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకెరస్ వెలువరించిన ఆర్‌సింక్ ఇందుకు తోడ్పడుతుంది.

తొలి విడతలో, సర్వరు పనిచేస్తుండగానే ఫైళ్లు ఎస్‌ఎస్‌హెచ్ మార్గంలో సురక్షితంగా చేరతాయి. అయితే ఆలోగా డేటాబేస్ మారుతూనే ఉంటుంది. సగం పాత, సగం కొత్త సమాచారమున్న నకలు అక్కరకు రాదు. అందుకే డేటాబేస్‌ను కొద్దిసేపు నిలిపి, రెండో విడతలో మార్పులను మాత్రమే పంపాలి. కెర్నల్ అప్పటికప్పుడు సృష్టించే ప్రాక్, సిస్ డైరెక్టరీలను మినహాయించాలి.

కొత్త యంత్రంలో డిస్కు గుర్తింపులను, నెట్‌వర్క్ చిరునామాను సరిచేసి, బూట్‌లోడర్‌ను తిరిగి అమర్చాలి. నకలు సక్రమంగా నడుస్తోందని పరీక్షించిన తరువాతే పాత సర్వరును విరమింపజేయాలి.