ఫీజు కొంత, మెస్ బిల్లు కొండంత

ఎంట్రన్సు పరీక్షల ఫలితాలు వెలువడే రోజుల్లో మన వూళ్ళలో రెండు రకాల ఇళ్ళు కనిపిస్తాయి. ఒకటి సీటు రాని ఇల్లు. అక్కడ దిగులుంటుంది. రెండోది సీటు వచ్చిన ఇల్లు. అక్కడ మొదటిరోజు మిఠాయిలుంటాయి, రెండోరోజు నుంచి దిగులుంటుంది. ఈ రెండో దిగులు గురించే నాలుగు మాటలు చెప్పదలచుకున్నాను. ఒక విశ్వవిద్యాలయపు హాస్టలు ఆఫీసులో ఇరవై ఎనిమిదేళ్ళు లెక్కలు రాసి రిటైరైనవాణ్ణి. పిల్లలు ఏం చదువుకున్నారో నాకు అంతగా తెలియదు గాని, వాళ్ళ డబ్బు ఎటు పోయిందో మాత్రం బాగా తెలుసు.

"ఏడాదికి ఫీజు ఎంతండీ?" అన్నదే తల్లిదండ్రులు మొట్టమొదట వేసే ప్రశ్న. జవాబు ప్రాస్పెక్టస్‌లోనే వుంటుంది. ఆ అంకె చూసి కొందరు హడలిపోతారు, కొందరు ధైర్యం తెచ్చుకుంటారు. ఇద్దరూ తొందరపడినట్టే. రెసిడెన్షియల్ విశ్వవిద్యాలయంలో చేరిన కుర్రవాడు గది తీసుకున్నాడు గనుక అద్దెకున్నవాడు, మూడుపూటలా తింటాడు గనుక భోజనశాలకు ఖాతాదారు, లైబ్రరీకి సభ్యుడు, ఆస్పత్రికి చందాదారు. ఇంట్లో వున్నన్నాళ్ళూ వాడు తిన్న అన్నానికీ, తిరిగిన ఫ్యానుకూ, తలకు రాసుకున్న నూనెకూ ఎవరూ పద్దు రాయలేదు. గడప దాటగానే ప్రతిదానికీ ఒక ధర పుట్టుకొస్తుంది.

ఇది కొత్త సంగతేమీ కాదు. మన తాతల కాలంలో పేద విద్యార్థులు పట్నంలో వారాలు చేసుకుని చదువుకునేవారు. సోమవారం ఒకరింట, మంగళవారం మరొకరింట భోజనం. బడి జీతం ఎవరో దాత కట్టినా, ఏడిళ్ళూ కుదరకపోతే ఆ చదువు సాగేది కాదు. 1917లో నియమించిన కలకత్తా విశ్వవిద్యాలయ కమిషన్, అంటే జనం శాడ్లర్ కమిషన్ అని పిలిచేది, విద్యార్థులు ఒకేచోట వుండి చదువుకునే విశ్వవిద్యాలయాలు రావాలని సిఫారసు చేసింది. హైదరాబాదులో 1918లో ఉస్మానియా వెలిసింది. అదే ఏడు అక్కడ రెడ్డి హాస్టలు కూడా మొదలైంది. చదువు చెప్పడానికి ఒక సంస్థ పుట్టినప్పుడల్లా అన్నం పెట్టడానికి మరొకటి పుట్టవలసి వచ్చిందన్నమాట. పాఠానికి సర్కారు డబ్బిచ్చినా, పప్పుకు మాత్రం ఎవరో ఒకరు జేబులోంచి తీయవలసిందే. నేటికీ అంతే.

ఇక రసీదు చూద్దాం. ట్యూషన్ ఫీజు ఒక పద్దు. దీనిమీదే రాయితీలూ, రీయింబర్సుమెంట్లూ ఎక్కువగా వుంటాయి. పరీక్ష ఫీజు, లైబ్రరీ, ఆటలు, వైద్యం వగైరా చిల్లర పద్దులు మరికొన్ని. కాషన్ డిపాజిట్ అని ఒకటుంది. అది ఖర్చు కాదు, తిరిగివచ్చే ధరావతు. అయితే చేరేరోజున ఖర్చుతో సమానంగానే చేతిలోంచి పోతుంది గనుక, ఆ రోజుకు సర్దుకోవలసిన డబ్బులో దాన్నీ కలుపుకోవాలి. తరువాత గది అద్దె. ఇది చూసి మోసపోకూడదు. ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో 2019లో జరిగిన గొడవ పత్రికల్లో చదివేవుంటారు. ఒంటరి గది అద్దె నెలకు ఇరవై రూపాయల నుంచి ఆరువందలకు పెంచబోయారు. "ఇరవై రూపాయల గదా!" అని దేశమంతా నోరు వెళ్ళబెట్టింది. విద్యార్థుల అసలు బాధ ఆ ఇరవైతో కాదు. దానికి తోడు నెలకు 1,700 రూపాయల సేవారుసుము అని కొత్త పద్దు ఒకటి, నీటికీ కరెంటుకూ వాడకాన్నిబట్టి మరొకటి వచ్చిపడ్డాయి. అద్దె అంకె ఎంత చిన్నదైతే దాని కింది గీతలు అంత జాగ్రత్తగా చదవాలి.

అన్నిటికంటే పెద్దది, ప్రాస్పెక్టస్‌లో ఖచ్చితంగా వేయలేనిది మెస్ బిల్లు. మన హాస్టళ్ళలో చాలాచోట్ల డివైడింగ్ సిస్టమ్ నడుస్తుంది. నెల మొత్తం మీద అయిన ఖర్చును విద్యార్థులంతా తిన్న రోజుల మొత్తంతో భాగించి రోజు ధర కడతారు. వినడానికి ఇంత న్యాయమైన పద్ధతి మరొకటి లేదు. కాని ఇందులో ఒక మెలిక వుంది. చిత్తగించండి.

మూడువందలమంది వున్న మెస్ అనుకుందాం. ఒక మనిషికి రోజుకు బియ్యం, పప్పు, కూరలు, పాలు కలిసి 80 రూపాయలు. వంటవాళ్ళ జీతాలూ తదితరాలూ నెలకు 1,80,000. తినేవాళ్ళు తగ్గినా ఇది తగ్గదు. మూడువందలమందీ ముప్పై రోజులూ తింటే 9,000 భోజనరోజులు. సరుకులకు 7,20,000, పై ఖర్చు 1,80,000, వెరసి తొమ్మిది లక్షలు. రోజుకు వంద రూపాయలు. ఇప్పుడు దసరా నెల వచ్చింది. ఎక్కువమంది ఇళ్ళకు పోయారు. అందరి హాజరూ కలిపి 4,500 రోజులే తేలింది. సరుకులకు 3,60,000, జీతాల వగైరా మాత్రం అదే 1,80,000, వెరసి 5,40,000. రోజు ధర 120 అయింది.

ఇంటికి వెళ్ళి అమ్మచేతి అరిసెలు తిన్నవాడికి ఆ నెల బిల్లు తగ్గింది. దారిఖర్చులకు లేక హాస్టల్లోనే వుండిపోయినవాడికి మూడువేలకు బదులు 3,600 పడింది. లెక్క తప్పు కాదు. నేనే వేసేవాణ్ణి, పైసాతో సహా సరిపోయేది. కాని పండుగపూట వూరికి పోలేని పిల్లవాడే పండుగ ఖరీదు కడుతున్నాడని ప్రతి ఏటా ఆ కాగితం నోటీసుబోర్డు మీద అంటించేటప్పుడు అనిపించేది. అందుచేత తల్లిదండ్రులకు నా సలహా ఒకటే. మెస్ బిల్లు ఎంతని ఆఫీసులో అడిగితే సగటు చెబుతారు. గత ఏడాది పన్నెండు నెలల బిల్లులూ చూపించమనండి. అందులో అతి పెద్ద నెలను పట్టుకుని మీ లెక్క వేసుకోండి.

మెస్ బిల్లు నెలనెలా వస్తుంది. స్కాలర్‌షిప్పు అలా రాదు. మంజూరు ఒకప్పుడు, విడుదల మరొకప్పుడు, ఖాతాలో పడేది ఇంకెప్పుడో. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008 ప్రాంతాల నుంచి అమలులోకి వచ్చిన ఫీజు రీయింబర్సుమెంటు ఎన్నో ఇళ్ళలో మొదటి ఇంజనీరునూ, మొదటి డాక్టరునూ తయారుచేసింది. ఆ మేలు కాదనలేనిది. అయినా "సర్కారే ఇస్తుందిగా" అనుకుని చేతిలో నాలుగు నెలల తిండిఖర్చు కూడా లేకుండా పిల్లల్ని పంపినవాళ్ళ పాట్లు నా కౌంటరు ముందే చూశాను.

ఒక పిల్లవాడి సంగతి చెబుతాను. డిగ్రీలో మంచి మార్కులతో వచ్చి ఎం.ఎస్సీ.లో చేరాడు. తండ్రి కౌలురైతు. మూడురోజులు మించి వూరికి వెళ్ళేవాళ్ళు ముందుగా చీటీ రాసిస్తే ఆ రోజులకు మా దగ్గర బిల్లు పడదు. ఈ అబ్బాయి నవంబరులో వారం చీటీ ఇచ్చాడు. డిసెంబరులో పదిరోజులు. జనవరిలో మళ్ళీ. ఎవరికో ఒంట్లో బాగాలేదు కాబోలుననుకున్నాను. ఒక సాయంత్రం ఏదో రిజిస్టరు కోసం హాస్టలు మేడమీదికి వెళితే, ఆ చీటీ ప్రకారం వూళ్ళో వుండవలసిన కుర్రవాడు వరండా చివర కూర్చుని చదువుకుంటున్నాడు. పక్కన టీ గ్లాసు, కాగితంలో రెండు బన్నులు.

"ఊరికి వెళ్ళలేదుటయ్యా?" అన్నాను.

తల వంచుకున్నాడు. "వార్డెనుగారికి చెప్పకండి సార్. రోజుకు ముప్పై రూపాయల్లో గడిచిపోతోంది. స్కాలర్‌షిప్పు పడగానే మెస్‌లో చేరతాను" అన్నాడు.

నాకు ఏం మాట్లాడాలో తోచలేదు. మర్నాడు అతన్ని కూర్చోబెట్టుకుని కంప్యూటరులో చూస్తే అతని అర్జీ ఎప్పుడో మంజూరైవుంది. డబ్బు మాత్రం పడలేదు. బ్యాంకు ఖాతా ఆధార్‌తో జతకాలేదు. పదో తరగతి సర్టిఫికెట్టులో ఇంటిపేరు పూర్తిగా వుంది, ఆధార్‌లో పొడి అక్షరమే వుంది. ఆ ఒక్క చుక్క దగ్గర అతని నాలుగు నెలల తిండి ఆగిపోయింది! వార్డెనుగారికి నేనే చెప్పాను. ఆయన కోప్పడలేదు. బకాయి కింద రాసుకోమని సంతకం పెట్టి, ఆ రాత్రి నుంచే మెస్‌లో భోంచేయమన్నాడు. పేరు సవరించుకుని వచ్చాక ఫిబ్రవరి ఆఖరులో డబ్బు పడింది. చేరకముందే సర్టిఫికెట్టు, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్కు మూడింటినీ పక్కపక్కన పెట్టుకుని పేర్లు అక్షరం అక్షరం సరిచూసుకోమని నేను అందరికీ పోరు పెట్టడానికి కారణం ఇదే.

దీనికి విరుద్ధంగా, ఫీజు అంకె చూసి వట్టినే బెదిరిపోయినవాళ్ళూ వున్నారు. మా వీధిలో బట్టలు కుట్టే ఆయన కూతురికి ఐ.ఐ.టి.లో సీటు వచ్చింది. అక్కడ బి.టెక్. ట్యూషన్ ఫీజును 2016లో ఏడాదికి 90 వేల నుంచి రెండు లక్షలకు పెంచారు. "నాలుగేళ్ళకు ఎనిమిది లక్షలు! మనకెందుకమ్మా ఇంత చదువు, దగ్గర్లో ఏదో ఒకదాంట్లో చేరు" అని చుట్టాలంతా తీర్మానం చేసేశారు. ఆయన భార్య కాగితాలు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. "అన్నయ్యగారూ, పిల్ల రెండురోజులుగా అన్నం తినడంలేదు. ఒకసారి చూసి చెప్పండి" అంది.

చూశాను. పెంచిన ఏడే పెట్టిన మినహాయింపులు అందులో స్పష్టంగా వున్నాయి. షెడ్యూల్డ్ కులాలు, తెగల విద్యార్థులకూ, వికలాంగులకూ ట్యూషన్ ఫీజు పూర్తిగా లేదు. మిగతావాళ్ళలో కుటుంబ ఆదాయం ఏడాదికి లక్షలోపు వుంటే పూర్తిగా మాఫీ, లక్ష నుంచి అయిదు లక్షల లోపు వుంటే మూడింట రెండు వంతులు మాఫీ. వీళ్ళది రెండో తరగతి. రెండు లక్షలు కాస్తా 66,667 అయింది. తహసీల్దారు ఇచ్చే ఆదాయ ధ్రువపత్రం ఒక్కటీ తేవాలి. ఇంకేం, ఆ తల్లి మొహం వికసించింది. అయితే మెస్, గది, కరెంటు మామూలుగా ఈ మాఫీలోకి రావని కూడా అప్పుడే చెప్పాను. సంతోషంగా వున్న మనిషికి అలాంటి మాట చెప్పడం కష్టమే గాని, చెప్పకపోతే ఆగస్టులో వాళ్ళే తెలుసుకుంటారు.

మిగతాదానికి బ్యాంకు అప్పు. చదువు అప్పు అంటే ట్యూషన్ ఫీజుకే అనుకుంటారు చాలామంది. హాస్టలు, మెస్, పుస్తకాలు, కంప్యూటరు కూడా అందులో అడగవచ్చు. దరఖాస్తులో మొదటే రాయకపోతే మధ్యలో చేర్పించడం తలనొప్పి. బ్యాంకుల నమూనా పథకం ప్రకారం నాలుగు లక్షల వరకూ తాకట్టు అక్కరలేదు. 2024 నవంబరులో కేంద్ర ప్రభుత్వం ఆమోదించిన పి.ఎం. విద్యాలక్ష్మి పథకంలో, ఎంపిక చేసిన ఉన్నత విద్యాసంస్థల్లో సీటు వచ్చినవాళ్ళకు తాకట్టూ హామీదారూ లేకుండానే అప్పు ఇవ్వాలి. ఆదాయం ఎనిమిది లక్షల లోపు వున్నవాళ్ళకు, వేరే సర్కారు సాయమేదీ లేకపోతే, పది లక్షల దాకా అప్పుమీద వాయిదా కాలంలో మూడు శాతం వడ్డీ రాయితీ కూడా వుంది.

అప్పు తిరిగి కట్టడం చదువయ్యాక ఏడాదికి గాని మొదలుకాదు గనుక అది తేలిక అనిపిస్తుంది. వడ్డీ మాత్రం నిద్రపోదు. ఏటా మొదట్లో లక్ష చొప్పున నాలుగేళ్ళు తీసుకున్నారనుకోండి, నూటికి పది వడ్డీ అనుకోండి. మొదటి లక్షకు అయిదేళ్ళు, రెండోదానికి నాలుగు, తరువాత మూడు, రెండు. చక్రవడ్డీ వేయకపోయినా, మొదటి వాయిదా కట్టేనాటికి నాలుగు లక్షలు అయిదు లక్షల నలభైవేలు అయివుంటాయి. వీలైతే చదువుకునే రోజుల్లోనే ఆ వడ్డీ ఏనెలకానెల కడుతూ రమ్మన్నాను. కుట్టుమిషను ఆయన నెలనెలా కడుతున్నాడు. పిల్ల ఇప్పుడు మూడో ఏడు. వాళ్ళ మెస్ కమిటీలో కూడా వుందట. కూరగాయలు టోకున ఎక్కడ దొరుకుతాయో నన్ను ఫోనులో అడిగింది.

కొందరికి ఒకచోట డబ్బు కట్టాక మరోచోట మంచి సీటు వస్తుంది. కట్టింది పోయినట్టేనని వదులుకోనక్కరలేదు. యూ.జీ.సీ. పరిధిలోని సంస్థలకు 2018 అక్టోబరులో వచ్చిన ప్రకటన ప్రకారం, ప్రవేశాల గడువుకు పదిహేను రోజులు లేదా అంతకంటే ముందే మానుకుంటే, ఖర్చుల కింద గరిష్ఠంగా అయిదువేలు పట్టుకుని మిగతాదంతా ఇచ్చెయ్యాలి. ఆ తరువాత గడువులోగా అయితే నూటికి 90, గడువు దాటిన పదిహేను రోజుల్లో 80, నెలలోపు 50. నెల దాటితే ఏమీ రాదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకుని బెదిరించడానికి కూడా వీల్లేదు. అర్జీ మీద తేదీ వేయించుకుని ఆఫీసు ముద్రతో నకలు తీసుకోవడం మరచిపోకండి. గుమాస్తాగా చెబుతున్నాను, ముద్ర వున్న కాగితానికి వున్న గౌరవం మనిషికి లేదు.

కాషన్ డిపాజిట్ ముచ్చట మిగిలింది. చదువైపోయిన రోజున పిల్లలు పెట్టె సర్దుకుని రైలెక్కే తొందరలో వుంటారు. నో డ్యూస్ కాగితం మీద లైబ్రరీ, లాబరేటరీ, హాస్టలు, మెస్ నాలుగుచోట్లా సంతకాలు చేయించుకుని, పాత రసీదు జతచేసి ఇస్తేగాని ఆ డబ్బు కదలదు. మా ఆఫీసు లెడ్జరులో అడగనివాళ్ళ పేర్లు పేజీలకు పేజీలు వుండేవి. వాళ్ళలో ఎక్కువమంది ధనవంతుల బిడ్డలు కారు. ఆ డబ్బు తిరిగి వస్తుందని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు, అంతే.